అమ్మ పాస్‌పోర్టు, పెద్దమ్మ పొట్లం

దేవరకద్ర దగ్గరి మా ఊళ్లో అమ్మ తరం వాళ్లకు పుట్టినరోజు ఫలానా తేదీ అని ఉండదు. "పెద్ద కరువొచ్చిన ఏడు", "బావి తవ్విన ఏడు" అని చెప్తారు. ఆధార్ తీసినప్పుడు సంవత్సరం ఏదో చెప్తే తేదీ జనవరి 1 అని పడింది. ఊళ్లో సగం మంది ముసలివాళ్లు కాగితం మీద జనవరి 1నే పుట్టారు. అందుకే దుబాయ్‌లో ఉన్న తమ్ముడు "చలికాలంలో అమ్మను తీసుకుని రా అక్కా, ఎండలుండవు" అని ఫోన్ చేసినప్పుడు నేను మొదట తీసి చూసింది అమ్మ ఆధార్ కార్డే.

తేదీతో ఇబ్బంది లేదు. చిక్కల్లా పేరుతోనే. ఇంటిపేరు ఉండాల్సిన చోట ఒక్క అక్షరం, చుక్క ఉన్నాయంతే. మనకది మామూలు విషయం. కానీ 2022 నవంబర్ 21 నుంచి, ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను యూఏఈ, అంటే దుబాయ్ ఉన్న దేశం, రానివ్వడం లేదు. తండ్రి పేరో ఇంటిపేరో పాస్‌పోర్టు రెండో పేజీలో ఉంటే చాలని తర్వాత కొంత సడలించారు. కానీ కౌంటర్ దగ్గర అమ్మను నిలబెట్టుకుని ఆ సడలింపు గురించి వాదించే పరిస్థితి నాకొద్దు. ఓటరు కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది కాబట్టి అది చూపించి ముందు ఆధార్‌లో పేరు సరిచేయించాను. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితం మొత్తంలో రెండే అవకాశాలు, పుట్టిన తేదీకైతే ఒక్కటే. ఆపరేటర్ టైప్ చేసిన ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాకే సరేనన్నాను.

పాస్‌పోర్టు పనికి ఒకప్పుడు హైదరాబాద్ పోవాల్సిందే. 2017లో పోస్టాఫీసుల్లో పాస్‌పోర్టు కేంద్రాలు పెట్టడం మొదలయ్యాక మహబూబ్‌నగర్‌కూ ఒకటి వచ్చింది. మా ఊరి వాళ్లకు ఇది ఎంత మేలో చెప్పలేను. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం బువ్వ టైముకు ఇంట్లో ఉండొచ్చు. ఫీజు 1500 రూపాయలు, అరవై దాటిన వాళ్లకు పది శాతం తగ్గించి 1350. అక్కడ వేలిముద్రల దగ్గర కాస్త ఆలస్యమైంది. ఏళ్ల తరబడి కలుపు తీసి, పత్తి ఏరి అమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. అమ్మ బొటనవేలు పెడితే మిషన్ ఊరికే ఎర్ర లైటు చూపిస్తోంది. అక్కడున్న అమ్మాయి విసుక్కోలేదు. తడిబట్టతో అమ్మ వేళ్లు ఒక్కొక్కటే తుడిచి, తన అరచేత్తో మెల్లగా అదిమి పట్టి, "ఇంకొంచెం గట్టిగా పెట్టు అమ్మమ్మా" అంటూ పదివేళ్లూ తీసుకుంది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

ఆ తర్వాత కానిస్టేబుల్ ట్యాబ్ పట్టుకుని ఇంటికొచ్చి ఫొటో తీసుకుపోయాడు. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వచ్చింది. అమ్మ చదువుకోలేదు కాబట్టి ఈసీఆర్ ముద్ర పడుతుందేమోనని బంధువులు భయపెట్టారు. యాభై ఏళ్లు దాటితే చదువుతో సంబంధం లేకుండా అది పడదు. అసలు ఆ ముద్ర పని కోసం వెళ్లేవాళ్ల రక్షణకు పెట్టింది. పదో తరగతి పాస్ కానివాళ్లు ఉద్యోగానికి గల్ఫ్ వెళ్లాలంటే ఆ ముద్ర వల్ల ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సి వస్తుంది. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు.

వీసా తమ్ముడే చూసుకున్నాడు. ముప్పై రోజుల టూరిస్ట్ వీసా. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా కాబట్టి తిరుగు టికెట్ కాస్త ముందుకే వేసుకున్నాం. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాను. అమ్మ బీపీ, షుగర్ గోలీలను డబ్బాలోకి మార్చకుండా షీట్లతోనే, డాక్టర్ చీటీతో కలిపి పెట్టాను. ఊళ్లో మెడికల్ షాపులో తేలిగ్గా ఇచ్చే కొన్ని దగ్గు మందులు, నొప్పి గోలీలు అక్కడ అనుమతి లేకుండా తీసుకుపోతే నేరం. ముఖ్యంగా కోడీన్, ట్రమడాల్ ఉన్నవి. ఆ రెండు పేర్లు కాగితం మీద రాసుకుని మందుల సంచి మొత్తం వెతికాను.

ఇక అసలు పరీక్ష ప్రయాణానికి ముందురోజు సాయంత్రం. దుబాయ్ పోతున్నామని తెలిస్తే ఊళ్లో ఎవరూ ఉత్త చేతులతో రారు. పక్కింటి పెద్దమ్మ కొడుకు సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటాడు. "నా కొడుక్కు గింత తొక్కు, పల్లిపొడి, మసాలా ఇయ్యి బిడ్డా, వాడు తిని ఎన్నేండ్లాయెనో" అంటూ గట్టిగా మూటగట్టిన పొట్లాలు నా చేతిలో పెట్టింది. కన్నతల్లి తెచ్చిన మూట విప్పి చూస్తానంటే అనుమానించినట్టు అవుతుంది. అయినా విప్పాను. ఆమె పక్కనే కూర్చుని, ఎందుకు విప్పుతున్నానో చెప్తూ విప్పాను.

"మసాలాలో ఏమేం వేసినవ్ పెద్దమ్మా?"

"ధనియాలు, చెక్క, లవంగం, ఎండుకొబ్బరి, జర గసాలు. గసాలు లేకుంటే మటన్ కూరకు రుచేముంటది?"

గసగసాలు అక్కడ మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. మన వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఉండే గింజలు ఆ ఎయిర్‌పోర్టులో మనిషిని జైలు దాకా తీసుకుపోగలవు. వేయించి పొడి చేసి కలిపినా ప్రమాదం ప్రమాదమే. పెద్దమ్మకు ఈ మాట చెప్పగానే మొహం పాలిపోయింది. గబుక్కున పొట్లం లాక్కుని, ఇంటికెళ్లి రాత్రి తొమ్మిదింటికి మళ్లీ కొత్త పొడి దంచి తెచ్చింది, గసాలు లేకుండా. కొబ్బరి కూడా మానేసింది. ఎండుకొబ్బరిని విమానంలో తీసుకుపోనివ్వరని, నూనె శాతం ఎక్కువ కాబట్టి అంటుకునే సరుకుల్లో లెక్కేస్తారని నేను చెప్పి ఉన్నాను. తొక్కు సీసాను పెద్ద బ్యాగులో పెట్టాం.

ఇంకో ఇంటి నుంచి కుట్లేసిన బట్ట మూట వచ్చింది. విప్పొద్దన్నారు. తీసుకోలేదు. వాళ్లకు కోపం వచ్చింది, ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరు. అయినా నా నిర్ణయం అదే.

జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ చేరేసరికి తెల్లవారలేదు. ఇమిగ్రేషన్‌లో అమ్మను ఎక్కడికి, ఎవరి దగ్గరికి అని అడిగారు. "కొడుకు దగ్గరికి" అంది. తిరుగు టికెట్ చూసి ముద్ర వేశారు. నాలుగు గంటల ప్రయాణంలో అమ్మ కిటికీ వదల్లేదు.

దుబాయ్ గురించి చాలామంది రాశారు, ఎత్తైన భవనాల సంగతి నేను మళ్లీ చెప్పను. ఒక్కటి చెప్తాను, పరాయి ఆడవాళ్లు, కుటుంబాలు పడేలా వాళ్లను అడక్కుండా ఫొటో తీయడం అక్కడ చట్టప్రకారం నేరం. వీడియో కాల్‌లో ఊరందరికీ చూపించాలన్న అమ్మ సరదాను బీచ్ దగ్గర ఆపాల్సి వచ్చింది. 999 నంబరుకు పోలీసులు, 998కి అంబులెన్స్ వస్తాయని ఆమె ఫోన్ కవరులో చీటీ పెట్టాను.

శుక్రవారం పెద్దమ్మ కొడుకు తమ్ముడి గదికి వచ్చాడు. పొడి వాసన చూసి, అమ్మ మొహం చూసి, అక్కడే అన్నం కలుపుకుని తిన్నాడు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది అని అడిగాను. మొదట్లో కంపెనీ వాళ్లు ఉంచుకున్నారట. కార్మికుడి పాస్‌పోర్టు యజమాని దాచుకోవడం అక్కడి చట్టం ఒప్పుకోదని తోటివాళ్లు చెప్తే, మన కాన్సులేట్ వాళ్ల సహాయ కేంద్రానికి 80046342 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, ధైర్యం తెచ్చుకుని అడిగి తెచ్చుకున్నాడు. "మా తమ్ముడు చిన్నోణ్ని గూడ రమ్మంటున్నరు అక్కా. ఎవడో ఏజెంటు విజిట్ వీసా మీద పంపి, ఈడికొచ్చినంక మారుస్తడట. లక్షన్నర అడుగుతుండు" అన్నాడు.

ఊరికి రాగానే నేను మొదట వెళ్లింది పెద్దమ్మ ఇంటికే. రిజిస్టరైన ఏజెంటు తన ఫీజు కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప తీసుకోకూడదని, పనికి పోయేవాడికి పని వీసానే ఉండాలని, అట్లా పనికి పోయేవాళ్లకిచ్చే పది లక్షల బీమా రెండేళ్లకు 275 రూపాయలకే వస్తుందని చెప్పాను. చిన్నోడు నా ముందే ఆ ఏజెంటుకు ఫోన్ చేసి, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో మీ లైసెన్స్ నంబరు ఎంత అన్నా అని అడిగాడు. ఏజెంటు రేపు చెప్తానన్నాడు. ఇంతవరకు చెప్పలేదు. చిన్నోడు అడ్వాన్సు కట్టలేదు. ఇప్పుడు రోజూ ఉదయం జడ్చర్లకు పోయి డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు.