కాపర్‌గేట్ గొలుసు తెర: ఆరో వారం

లెక్క ముందు: 1,640 రింగులు అల్లాను. అందులో 310 విప్పి మళ్లీ అల్లినవే.

కొత్తగా చదివేవాళ్లకు ఒక్క మాట. నేను చేస్తున్నది కాపర్‌గేట్ శిరస్త్రాణం వెనక మెడ మీదికి వేలాడే ఇనుప గొలుసుల తెర. 8వ శతాబ్దం నాటి ఇంగ్లండ్ పని. 1982లో యార్క్‌లో తవ్వుతుంటే యంత్రానికి తగిలింది, ఇప్పుడు యార్క్‌షైర్ మ్యూజియంలో ఉంది. నెత్తి మీది ఇత్తడి పట్టీలో ఓషెరె అనే పేరు, లాటిన్ ప్రార్థన ఉన్నాయి. పట్టీ జోలికి పోయే ధైర్యం నాకు లేదు, తెర ఒక్కటి వస్తే చాలు.

1.6 మి.మీ. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) వైరును 8 మి.మీ. కడ్డీకి స్ప్రింగులా చుట్టి, కట్టర్‌తో ఒక్కో చుట్టూ తెంపుతున్నాను. చెయ్యి వదలగానే స్ప్రింగు కాస్త విచ్చుకుంటుంది, అందుకే రింగు లోపలి కొలత 8.3 దాకా వస్తోంది. కిలో వైరుకు రెండు వేల పైచిలుకు రింగులు. కత్తిరించిన చోట మొన తేలుతుంది, ఆకురాయితో ఒకసారి రుద్దకపోతే వేళ్లు గీరుకుపోతాయి. రెండు ప్లయర్లతో ఒక్కో రింగును నాలుగింటిలోంచి దూర్చి మూయాలి. గంటకు నూట ఇరవై దాటడం లేదు.

ఆ 310 సంగతి. ఈ అల్లికకు చీరకున్నట్టే నిలువూ అడ్డమూ ఉంటాయి. ఒక వైపు పట్టుకుంటే రింగులు దగ్గరకు జారి చిక్కగా వేలాడతాయి, అడ్డం తిప్పితే విచ్చుకుని కన్నాలు పడతాయి. నేను అడ్డంగా తగిలించాను. రెండు రాత్రులు పోయాయి.

శనివారం పరీక్ష పెట్టాను. కూరగాయల కత్తితో గీస్తే గీత పడింది, అంతే. కింద బంగాళాదుంప పెట్టి సుత్తితో కొడితే గొలుసు చెక్కుచెదరలేదు, దుంప మాత్రం పచ్చడి. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కితే రింగు అతుకు విడిపోయింది. అసలు దాంట్లో ఒక వరస అతుకు లేకుండా కాల్చి కలిపినవి, ఒక వరస చివర్లకు కన్నం పొడిచి చిన్న మేకుతో బిగించినవి, అంటే రివెట్ కొట్టినవి. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

సుత్తి దెబ్బకే కాబోలు, 13వ శతాబ్దంలో మోకాళ్ల దగ్గర గొలుసు కవచం మీద రేకులు తొడగడం మొదలైంది. 1376లో చనిపోయిన ఇంగ్లండ్ యువరాజు బ్లాక్ ప్రిన్స్ విగ్రహం క్యాంటర్‌బరీ కెథెడ్రల్లో ఉంది. చేతులకూ కాళ్లకూ రేకుల కవచమే, మెడ చుట్టూ మాత్రం గొలుసే. ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా! మెడ తిరగాలి కదా. రేకుతో మెడకు పని చేయాలంటే ఎన్ని మడతలు అతకాలో ఊహించుకోండి.

రివెట్ చేయాలంటే రింగు చివర్లు ఒకదానిమీద ఒకటి పడేలా చుట్టి, ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కన్నం పొడవాలి. ఇక్కడే ఇరుక్కున్నాను. జీఐ వైరును కాల్చకూడదు, పైనున్న జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పూత లేని మామూలు ఇనుప వైరు రెండు కిలోలు తెచ్చాను. పాతది అలంకారానికి ఉంచుతాను. పంచ్ కోసం ఒక కాంక్రీటు మేకును ఆకురాయి మీద నూరుతున్నాను, మొదటిది నిన్న సాయంత్రం విరిగింది.