పారో లోయలో నాట్ల రోజు

పారో, జూన్ మొదటి వారం.

పొద్దున్నే మడిలో కాలు పెడితే జివ్వున లాగింది. పా ఛు ఏరు మంచుకొండల్లో పుట్టింది. కాలవల్లోకి తిప్పాక కూడా ఆ నీటికి చలి వదలదు. 2,200 మీటర్ల పైన వరి పండించే భూటాన్ రైతుకి ఎరువు కంటే ముందు పట్టే బెంగ ఇదే.

మన పల్లెల్లో వానాకాలం నారు పాతిక రోజులకే తీస్తాం. ఇక్కడ దానికి రెట్టింపు దాటినా తొందరపడరు. నాటు ఆలస్యమైతే మాత్రం శరదృతువు చలి పొట్ట దశలోనే, అంటే వెన్ను ఇంకా బయటికి రాకముందే, పట్టుకుంటుంది. చిరుపొట్టలో రాత్రి వేడి 17 డిగ్రీల కంటే బాగా దిగిపోతే పుప్పొడి చచ్చిపోతుంది, వెన్నంతా తాలు. ఆ వారం పది రోజులు మడిలో జానెడుకి కాస్త తక్కువగా నీరు నిలబెడితే లోపలి లేత వెన్నుకి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. అది కూడా పగటి ఎండకి వెచ్చబడ్డ నీరైతేనే. అందుకే తెల్లవారుజామున నీరు పెట్టి, పగలు తూము మూసేయాలి. పగలంతా పారనిస్తే చల్లనీరు వచ్చిపడుతూనే ఉంటుంది. తూము దగ్గరి నాలుగు వరుసలు పసుపుబారి, పొట్టిగా, అందరికంటే ఆఖరున ఈనతాయి. ఈ తేడా కంటికి కనబడుతుంది, కొలవక్కర్లేదు.

ఎరువంటే ప్రధానంగా అడవి ఆకే. సోక్షింగ్ అని పిలిచే తోపుల్లో రాలిన ఆకులు ఊడ్చి తెచ్చి, పశువుల కింద పరిచి, పెంట కలిసి మాగాక పొలానికి తోలతారు. యూరియా చేయి జారితే అగ్గితెగులు వస్తుంది. 1995లో ఎత్తు ప్రాంతాల వరిని ఆ తెగులు దారుణంగా తినేసింది. చల్లటి మంచు, గుబురుగా పెరిగిన పైరు, ఈ రెండూ కలిస్తే దానికి పండగ.

కలుపులో షోచుమ్ ఒక్కటి చాలు నడుము విరగడానికి. నీళ్ళ మీద తేలే ఆకు పట్టి లాగితే తీగ తెగి చేతికొస్తుంది. గడ్డ బురదలోనే ఉండి మళ్ళీ చిగురేస్తుంది. తుంగతో వేగిన మనకి దీని బాధ చెప్పక్కర్లేదు. వేళ్ళు బురదలోకి దింపి గడ్డతో సహా పెకలించాలి, తీసినవి గట్టున ఎండలో వేయాలి.

పవర్ టిల్లర్లు బాగానే తిరుగుతున్నాయి. 1964లో వచ్చి 1992లో ఇక్కడే కన్నుమూసిన జపాన్ వ్యవసాయ నిపుణుడు నిషియోకాని పారో రైతులు 'దాషో' అనే తలుచుకుంటారు, అది రాజు ఇచ్చే గౌరవ బిరుదు. యంత్రమైనా, కూరగాయలైనా ఆ పేరుతో ముడిపడినవే. కానీ పైన ఇరుకు మెట్ల దగ్గర యంత్రం మలుపు తిరగదు, అక్కడ ఎద్దులే దిక్కు.

మధ్యాహ్నం అందరూ కంచె దగ్గరికి చేరారు. 2008 రాజ్యాంగం ప్రకారం దేశంలో 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలి. నిజానికి అంతకంటే ఎక్కువే ఉంది. అది మంచి మాటే, నేను మనసారా సమర్థిస్తాను. కానీ అడవిపందికి పొలం అడవి అంచులోనే దొరుకుతుంది, నష్టం మాత్రం రైతుది. కరెంటు కంచెలో కింది తీగ జానెడు ఎత్తున ఉండాలి, పైకి పోతే పంది ముట్టె పెట్టి దూరిపోతుంది. తీగకి గడ్డి తగిలిందా, కరెంటు నేలలోకి జారి దెబ్బ తగ్గిపోతుంది. వానాకాలంలో వారానికోసారి కొడవలి తిప్పకపోతే అది ఉత్త తీగే. భూమి తీగని (ఎర్త్) ఎండిన గుట్ట మీద పాతడం ఇంకో పొరపాటు, తడి నేలలో లోతుగా దించాలి.

ఎంత చేసినా ఊరి బియ్యం దేశానికి సరిపోదు, ఇండియా నుంచి లారీల్లో వస్తుంది. ఎత్తు లోయల బంగాళాదుంప ఇండియా సరిహద్దు పట్నం ఫుంట్షోలింగ్ వేలానికి దిగుతుంది, ఆ డబ్బుతోనే చాలా ఇళ్ళలో బియ్యం బస్తా కొంటారు. అయినా తమ మడిలో పండిన ఎర్రబియ్యం మాత్రం అమ్మకుండా ఇంటికే దాచుకునేవాళ్ళు ఉన్నారు. మిరపకాయల కూరతో ఆ అన్నం తిన్నవాళ్ళకి ఎందుకో తెలుస్తుంది.

పొద్దుగూకింది. కింది మూడు మడులు నాటడం అయింది. పై మడి గట్టుకి ఎలుక బొరియ పడి నీరు కారుతోంది. రేపు నాటే ముందు బంకమట్టి కొట్టి మూయాలి.