మళ్ళీ పరుగు: గోపాల్‌పూర్ రోడ్డు మీద పది కిలోమీటర్లు

పది కిలోమీటర్లు, 1 గంట 4 నిమిషాలు. పరుగు ఆగిపోకముందు ఇదే దూరం 52 నిమిషాల్లో అయిపోయేది. అయినా ఈ రేసు నాకు ఎంతో తృప్తినిచ్చింది. మర్నాడు పొద్దున్న మంచం దిగి, మడమ పట్టేయకుండా మామూలుగా నడిచాను. ఈ నాలుగు నెలల కష్టమంతా దాని కోసమే.

నాన్నగారి వైద్యం కోసం ఒడిశాలోని బరంపురానికీ విశాఖకీ మధ్య తిరుగుతూ ఏడాదిన్నర పాటు బూట్ల జోలికే పోలేదు. వానాకాలం చివర్లో మళ్ళీ మొదలుపెట్టాను, అప్పటికింకా రోడ్డు పక్క మొగలి పొదల్లోంచి వాసన వస్తూనే ఉంది. మొదటి నెలంతా రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మొత్తం అరగంట, వారానికి మూడు రోజులు. తర్వాత నడక తగ్గించుకుంటూ పోయాను. అక్టోబర్‌లో తుఫాను వానలకి కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండిపోయాను. ఈ తీరంలో అది ఎప్పుడూ ఉండేదే. 2013లో ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే కదా.

మానేసి తిరిగొచ్చేవాళ్ళు ఊపిరిని నమ్మి దెబ్బతింటారు. పరుగు ఆపిన కొద్ది వారాల్లోనే రక్తంలో ప్లాస్మా తగ్గుతుంది, గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికి పంపే రక్తమూ తగ్గుతుంది. అందుకే మొదట్లో అంత ఆయాసం. మళ్ళీ మొదలుపెడితే ఆ ప్లాస్మా త్వరగానే పెరుగుతుంది. నెల తిరిగేసరికి పాత స్పీడు వచ్చేసినట్టే ఉంటుంది. కానీ పిక్కని మడమకి కలిపే అకిలీస్ టెండన్‌కి రక్తం అందేదే తక్కువ. అది బరువుకి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. ఊపిరి బాగుంది కదా అని స్పీడు పెంచితే ఆ భారమంతా దాని మీద పడుతుంది. నా కుడి మడమకి ఈ నొప్పి పాతదే, అందుకే ఈసారి ప్లాన్ అంతా మడమని బట్టే వేసుకున్నాను.

స్పీడు అదుపులో పెట్టుకునే ఉపాయం మా వీధిలోని రిటైరైన గేమ్స్ మాస్టారు చెప్పారు. "పరిగెడుతూ ఒక ఆటవెలది చదువు బాబూ. పద్యపాదం మధ్యలో ఊపిరి పీల్చాల్సొస్తే నువ్వు ఎక్కువ లాగుతున్నట్టే" అన్నారు. కోచ్‌లు మాట్లాడించి చూసేదీ ఇదే. చిన్నప్పుడు బట్టీ పట్టిన వేమన పద్యాలు ఇన్నాళ్ళకి ఇలా పనికొచ్చాయి. కిలోమీటరుకి ఏడున్నర నిమిషాల దగ్గర పాదం తెగకుండా వచ్చేది. ఆరున్నరకి వస్తే రెండో గణం దగ్గరే తెగిపోయేది. డిసెంబర్ చలికి ఏడు నిమిషాల దగ్గర కూడా నిలిచింది. గుండె లెక్క చూపే గడియారం ఉన్నా, నేను పద్యాన్నే ఎక్కువ నమ్మాను. చెమట పట్టినప్పుడు మణికట్టు మీద అంకెలు ఎగిరెగిరి పడతాయి.

మడమకి చేసింది స్వీడన్ డాక్టరు ఆల్ఫ్రెడ్‌సన్, ఆయన బృందం 1998లో ప్రచురించిన వ్యాయామం. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మీదే బరువంతా వేసి, మడమని మెట్టు కిందికి మెల్లగా దించాలి. పైకి లేచేటప్పుడు రెండో కాలి సాయం తీసుకోవాలి. మోకాలు తిన్నగా పెట్టి 15 సార్లు చొప్పున మూడు విడతలు, మోకాలు కాస్త వంచి మళ్ళీ మూడు విడతలు. పొద్దున్న, సాయంత్రం, 12 వారాలు. మా డాబా మెట్ల మీద, గోడకి చెయ్యి ఆనించి చేశాను. మొదట్లో దించుతుంటే టెండన్ మధ్యలో వేలితో నొక్కినట్టు ఒక్కచోటే నొప్పి తెలిసేది. నవంబర్‌కి ఆ చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. పొద్దున్నే మడమ ఎంతసేపు బిగుసుకుని ఉందో చూసి ఆ రోజు పరుగు తేల్చుకునేవాణ్ణి. బిగువు పది నిమిషాలు దాటితే పరుగు బదులు సైకిల్.

జనవరిలో రేసు. గోపాల్‌పూర్ తీరం నుంచి బరంపురం వైపు ఐదు కిలోమీటర్లు, మళ్ళీ వెనక్కి. చలికాలం తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. అంటే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపు మీద గాలి. అందుకే మొదటి సగం 33 నిమిషాల్లో పెట్టుకున్నాను. మొదటి కిలోమీటర్‌లో అందరూ దాటిపోతుంటే ఊరుకోవడం చాలా కష్టం, గట్టిగా పద్యం చదువుకున్నాను. పక్కనే పరిగెడుతున్న కుర్రాడొకడు తర్వాతి పాదం అందుకున్నాడు. వాడిది దేరా వీధి, నేతపనివాళ్ళ ఇల్లు. మలుపు తిరిగాక ఇద్దరం కలిసి లాగాం, రెండో సగం 31 నిమిషాలు.

గడియారం 10.12 కిలోమీటర్లు చూపించింది, రేసు దూరం తప్పని కొందరు వాదించారు. రేసు దారిని రోడ్డు అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి గీత మీద కొలవడం పద్ధతి. జనాన్ని తప్పించుకుంటూ అటూ ఇటూ జరిగేవాళ్ళకి ఎప్పుడూ కాస్త ఎక్కువే వస్తుంది.

తిండి సంగతి: గంట ముందు ఒక అరటిపండు, అంతే. రేసు అయ్యాక ఓఆర్‌ఎస్, లీటరు నీళ్ళకి ప్యాకెట్ మొత్తం. అంచనాగా గ్లాసులో కొంచెం పోసి కలిపితే ఉప్పు మోతాదు తప్పుతుంది. ఇంటికొచ్చి చద్దన్నం, వేయించిన వడియాలు.

ఈ వారం అంతా నడక, సైకిల్. మెట్టు వ్యాయామం రోజుకోసారి కొనసాగుతుంది. ఫిబ్రవరిలో వారానికి ఒక్కరోజు మాత్రం నాలుగు వందల మీటర్లు కొంచెం స్పీడుగా మొదలుపెడతాను, మిగతావన్నీ పద్యం స్పీడే. మార్చికి ఇక్కడ ఉక్కపోత మొదలవుతుంది, అప్పుడు కిలోమీటరుకి అర నిమిషం వదిలేయాల్సిందే. 52 నిమిషాల సంగతి వచ్చే చలికాలం చూద్దాం.