తోక కత్తిరించినా ప్రధాన సంఖ్యే

7,39,39,133. చూడ్డానికి ఏదో ప్లాట్ రేటులా ఉంది కానీ, ఇది మామూలు నంబర్ కాదు. ఇది ప్రధాన సంఖ్య, అంటే 1తో, తనతో తప్ప దేనితోనూ భాగం పోదు. సరే, అలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి కదా అంటారా? కుడివైపు చివరి అంకె తీసేయండి, 7393913 మిగులుతుంది, అదీ ప్రధాన సంఖ్యే. ఇంకోటి తీస్తే 739391, తర్వాత 73939, 7393, 739, 73, ఆఖరికి 7, ఒక్కటి కూడా తప్పిపోదు!

ఇలాంటివి మొత్తం 83 ఉన్నాయి, వాటిలో ఇదే అన్నిటికన్నా పెద్దది.

మరి ఇక్కడితో ఎందుకు ఆగింది? చివర సరిసంఖ్యో 5 పెడితే పని అయిపోయినట్టే, కాబట్టి మిగిలేవి 1, 3, 7, 9. ఈ నంబర్ అంకెలన్నీ కూడితే 38, చివర 1 పెడితే మొత్తం 39, 7 పెడితే 45, రెండూ 3తో నిశ్శేషంగా పోతాయి కాబట్టి అవీ ఔట్. ఇక 3, 9 మాత్రమే దిక్కు, కానీ 739391333, 739391339 రెండూ ప్రధాన సంఖ్యలు కావు. నాకైతే ఈ 3 లెక్కే భలే నచ్చింది, కాగితం కూడా అక్కర్లేదు.

ఎడమవైపు నుంచి కత్తిరించే ఆట కూడా ఉంది, అందులో రికార్డు నంబరుకి ఏకంగా 24 అంకెలు: 357686312646216567629137.