పరిచర్య పేరుతో నెత్తిన వేసుకున్నవి

మన చర్చి సంఘాల్లో ఎవరైనా ఒక బాధ్యత వదిలేస్తే వెంటనే వినబడే మాట "ఆత్మీయంగా చల్లారిపోయింది" అని. ఎందుకు వదిలేసిందో అడిగేవాళ్లు తక్కువ. ఆ మాటకు భయపడే చాలామంది కొయిర్, సండే స్కూల్, స్త్రీల సమాజం లెక్కలు, శుక్రవారం ఇళ్లలో జరిగే కాటేజ్ ప్రేయర్, ఏది అడిగితే అది ఒప్పేసుకుంటారు. నేనూ ఆ బాపతే. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా నిలబడి వెళ్లి, సాయంత్రం అలాగే తిరిగొచ్చి, మళ్లీ ప్రాక్టీసుకు పరిగెత్తి ఇల్లు చేరేసరికి బైబిలు తెరిచే ఓపిక ఉండేది కాదు.

నిర్గమకాండము 18లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని జనం తగవులు తీరుస్తుంటే, మామ యిత్రో చూసి భేష్ అనలేదు. నువ్వు చేస్తున్న పని మంచిది కాదని మొహం మీదే చెప్పాడు. నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. ఆ రెండో సగం మనం పట్టించుకోం. చిరాకు పడుతూ పిల్లలతో కంఠత వాక్యం చెప్పించే సండే స్కూల్ టీచర్‌ని ఒక్కసారి చూస్తే యిత్రో ఏమన్నాడో అర్థమైపోతుంది.

మార్కు సువార్త మొదటి అధ్యాయం ఇంకా గట్టిది. కపెర్నహూములో సాయంత్రం ఊరంతా తలుపు దగ్గర చేరింది, యేసు ప్రభువు చాలామంది రోగుల్ని బాగుచేశారు. మర్నాడు ఇంకా చీకటుండగానే లేచి ఏకాంతంగా ప్రార్థన చేసుకుంటుంటే శిష్యుడు సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, అందరూ మీకోసం చూస్తున్నారన్నారు. ఆయన వెనక్కి వెళ్లలేదు, పక్క ఊళ్లకు పోదాం పదండి అన్నారు. ఆ తలుపు దగ్గరికి ఆ పొద్దున కూడా రోగులు వచ్చే ఉంటారు కదా! దీని మీద ప్రసంగం నేను పెద్దగా వినలేదు. పాస్టర్లకి వాలంటీర్లు కావాలి మరి.

అందుకే నేనూ కొన్ని వదిలేశాను. స్త్రీల సమాజం లెక్కల పుస్తకం, రబ్బరు బ్యాండు వేసిన రసీదులతో సహా, డిగ్రీ చదివే ఒకమ్మాయికి అప్పగించాను. "ఏంటమ్మా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని ఒక పెద్దావిడ గొంతు తగ్గించి అడిగారు. "ఏం లేదాంటీ, బాగానే ఉన్నాం" అన్నాను. ఆ పిల్ల లెక్కలన్నీ ఫోన్‌లోకి ఎక్కించేసింది, నాకంటే శుభ్రంగా.

పనులు వదలడం తేలికే, మనుషులతోనే టెన్షన్. రాత్రి పదిన్నరకి ఒక సిస్టర్ ఫోన్ వచ్చేది. "అక్కా, వందనాలు, ఫలానా వాళ్ల కుటుంబాన్ని ప్రార్థనలో పెట్టుకోండి" అని మొదలై ఆ కుటుంబం గుట్టంతా బయటికొచ్చేది. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టేది కాదు, ఆదివారం వాళ్ల మొహం చూడాలంటే ఇబ్బంది. ఒకరోజు "ముందు ప్రార్థన చేసుకుందాం సిస్టర్, తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఆమెన్ అన్నాక ఆమెకి ఇంక చెప్పడానికేమీ లేకపోయింది. ఫోన్లు వాటంతటవే తగ్గాయి. గుడిలో కనబడితే ఇప్పటికీ నవ్వుతూనే పలకరించుకుంటాం. కలిసి సువార్త చెప్పిన పౌలు, బర్నబా కూడా, తోటి పనివాడు మార్కు విషయంలో వాదం ముదిరి విడిపోలేదా? అదే పౌలు తర్వాత, మార్కుని వెంటబెట్టుకు రా, నాకు పనికొస్తాడు అని తిమోతికి రాశాడు. దూరం జరిగితే తలుపు మూసినట్టు కాదు.

అయితే ఈమధ్య కొందరు, నా మనశ్శాంతి పోగొడుతున్నారంటూ మంచాన ఉన్న అత్తగారిని, అప్పుల్లో ఉన్న తమ్ముణ్ని కూడా ఈ వదిలేయాల్సినవాటి లిస్టులో వేసేస్తున్నారు. అది నాకు మింగుడుపడదు. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది కొర్బాను, అంటే దేవుడికి ఇచ్చేశామని చెప్పి తప్పించుకునేవాళ్లని ప్రభువు మార్కు సువార్త 7లో ఎలా కడిగేశారో చదవండి. మనం మానేస్తే ఇంకొకరు చేసే పని వేరు, మనం తప్ప దిక్కులేని మనిషి వేరు.

డిసెంబర్‌లో ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే కేరల్ రౌండ్స్ మాత్రం నేను వదలను. రాత్రంతా బోడుప్పల్, రామంతాపూర్ సందులు తిరిగి గొంతు పోతుంది, మర్నాడు ఆఫీసులో కళ్లు మూతలు పడతాయి, అయినా ఆ అలసట నన్ను పిండెయ్యదు. ఈసారి వ్యాన్‌లో కిటికీ సీటు నాకేనని ఇప్పుడే చెప్పిపెట్టాను.