పంది ఏ ప్యాక్‌లో ఉంది?

"అన్నా, నాకు పంది కావాలి. ఏ ప్యాక్ కొనాలి?"

రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు పెట్టిన మెసేజ్ ఇది. శనివారం రాత్రుళ్లు మేం ఐదుగురం డెడ్ బై డేలైట్ అనే ఆన్‌లైన్ హారర్ గేమ్ ఆడతాం. ఒకడు కిల్లర్, అంటే వేటాడేవాడు. నలుగురు సర్వైవర్లు, అంటే తప్పించుకునేవాళ్లు. ఐదు జనరేటర్లు బాగుచేసి, గేటు తెరుచుకుని పారిపోవాలి. దొరికితే కొక్కేనికి వేలాడాలి. వాడు అడిగిన పంది ఈ ఆటలో ఒక కిల్లర్, పంది తల ముసుగు వేసుకుని తిరిగే ఆడమనిషి. కొత్త పాత్రలు కావాలంటే స్టోర్‌లో ప్యాకులు కొనుక్కోవాలి. వాటి పేర్లు చదువుకుంటూ పోతే పంది ఎక్కడా తగలదు. ఆమె ఉన్నది 'సా' (Saw) అనే సినిమాల పేరు మీద వచ్చిన ప్యాక్‌లో. ఆ సినిమాలు చూసినవాడికి వెంటనే వెలుగుతుంది. మావాడు చూడలేదు.

త్వరలో సేల్ ఉందని, అందరికీ పనికొస్తుందని ఆదివారం పొద్దున షీట్ మొదలుపెట్టాను. ప్యాక్ పేరు, కిల్లర్, సర్వైవర్, మ్యాప్ (ఆట జరిగే చోటు). నాలుగు కాలమ్‌లు, గంట పని అనుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది.

ఈ ఆట 2016 జూన్‌లో వచ్చింది. చేసింది మాంట్రియల్‌లోని బిహేవియర్ ఇంటరాక్టివ్. అప్పట్నుంచి ఏటా కొత్త ప్యాకులు దిగుతూనే ఉన్నాయి. వాటిని చాప్టర్లంటారు. చాప్టరంటే మామూలుగా ఒక కిల్లర్, ఒక సర్వైవర్, చాలాసార్లు ఒక మ్యాప్ కూడా. 2016 అక్టోబర్‌లో వచ్చిన హాలోవీన్ చాప్టర్ అచ్చంగా ఆ లెక్కలోనే ఉంది: కిల్లర్ మైఖేల్ మయర్స్, సర్వైవర్ లారీ స్ట్రోడ్, మ్యాప్ హాడన్‌ఫీల్డ్ వీధి. హమ్మయ్య అనుకుని కిల్లర్ కాలమ్‌లో మయర్స్ అని కొట్టాను. తీరా ఆటలో అతని పేరు 'ది షేప్'. అక్కడికక్కడే ఇంకో కాలమ్ పెంచాల్సి వచ్చింది.

మా ఊళ్లోనూ ఇంతే. బడి రిజిస్టర్‌లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు, రచ్చబండ దగ్గర ఇంకోటి. కాకపోతే అక్కడ ఎవరు ఎవరో అందరికీ తెలుసు.

కొన్ని ప్యాకులకి సినిమా పేరో, వేరే ఆట పేరో పెట్టారు: హాలోవీన్, సా, సైలెంట్ హిల్. కొన్నిటికి మనిషి పేరే: లెదర్‌ఫేస్, ఘోస్ట్ ఫేస్, చకీ. మిగతావన్నీ కవిత్వం. ఆఫ్ ఫ్లెష్ అండ్ మడ్, స్పార్క్ ఆఫ్ మ్యాడ్‌నెస్, కర్టెన్ కాల్. కర్టెన్ కాల్ అంటే లోపల జోకర్ వేషంలో ఉన్న కిల్లర్ అని ఎవరికి తడుతుంది? 2021లో వచ్చిన అవర్ ఆఫ్ ది విచ్ అయితే మరీను. పేరు చూస్తే మంత్రగత్తె కిల్లర్ వస్తుందనిపిస్తుంది. వచ్చింది మికైలా అనే సర్వైవర్ ఒక్కతే. నిజంగా మంత్రగత్తెలా ఉండే 'హ్యాగ్' అనే కిల్లర్ ఎప్పుడో 2016లోనే, ఆఫ్ ఫ్లెష్ అండ్ మడ్‌లో వచ్చేసింది. ఇంటిపేరు కస్తూరివారు అన్నట్టుంది వ్యవహారం.

ఈ మధ్యలో నేనో తప్పు చేశాను. చాప్టరంటే కిల్లర్, సర్వైవర్ ఇద్దరూ ఉంటారన్న ధీమాతో సర్వైవర్ కాలమ్‌లో 'ఉంది' అని పైనుంచి కిందదాకా లాగేశాను. సరిచూసేలోపే మావాడు ఆ షీట్ నమ్మి ఘోస్ట్ ఫేస్ కొన్నాడు.

"అన్నా, నీ షీట్‌లో ఇద్దరున్నారు. ఇక్కడ ఒక్కడే ఉన్నాడేంటి?"

ఘోస్ట్ ఫేస్ ముసుగు స్క్రీమ్ సినిమాల్లో కనిపించేది, వాడికి ఆ సినిమాలంటే పిచ్చి. హీరోయిన్ కూడా వస్తుందనుకున్నాడు. నేను అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, ఈ ఆటకి దొరికింది సినిమా హక్కులు కాదు, ముసుగు హక్కులు. ఆ ముసుగు ఫన్ వరల్డ్ అనే కంపెనీది. అందుకే ముసుగు వెనక ఉన్నవాడు కూడా సినిమాలోవాడు కాదు, ఈ ఆట కోసమే పుట్టించిన డానీ జాన్సన్. స్క్రీమ్ అన్న మాట ప్యాక్ మీద లేకపోవడానికి కారణం అదన్నమాట. లెదర్‌ఫేస్‌లోనూ కిల్లర్ ఒక్కడే. యాష్ ప్యాక్‌లో సర్వైవర్ ఒక్కడే. ఇలాంటి సగం చాప్టర్లని పేరాగ్రాఫ్ అంటారు. ఆ మాట ప్యాక్ పేరులో కనపడితే నాకీ గొడవ ఉండేది కాదు. మావాడికి మిర్చిబజ్జీలు తినిపించి రాజీ చేసుకున్నాను.

రెండో ఆదివారం ఒక కిటుకు దొరికింది. స్టూడియో సొంతంగా సృష్టించిన పాత్రల్ని ఆడుతూ సంపాదించిన షార్డ్‌లతో (ఆటలో చెల్లే నాణేల్లాంటివి) ఆటలోనే తీసుకోవచ్చు. సినిమాలనుంచి, వేరే ఆటలనుంచి తెచ్చినవాళ్లకి మాత్రం డబ్బే కట్టాలి. కాబట్టి ప్యాక్ పేరు కవిత్వంలా ఉంటే ఆగు, షార్డ్‌లు కూడబెట్టు. తెలిసిన పేరైతే సేల్ కోసం చూడు. ఇదే గ్రూప్‌లో పెట్టాను. పది నిమిషాల్లో ఒకడు అడిగాడు, "మరి సడాకో రైజింగ్?" నిజమే. 2022లో వచ్చిన ఆ ప్యాక్ రింగ్ అనే దెయ్యం సినిమాది, కానీ ఆ సినిమా పేరు దాని మీద లేదు. అందులోని దెయ్యమే సడాకో, ఆటలో ఆమె పేరు 'ఒన్‌ర్యో'. బావిలోంచి వస్తుంది కాబట్టి మేమైతే బావిపిల్ల అంటాం.

స్ట్రేంజర్ థింగ్స్ అనే టీవీ సిరీస్ ప్యాక్ వరుస దగ్గర ఒక పూట పోయింది. 2019లో వచ్చింది, 2021 నవంబర్‌లో అమ్మకం ఆపేశారు, 2023 నవంబర్‌లో మళ్లీ పెట్టారు. ఆ రెండేళ్లూ అందులోని పర్క్‌ల (పాత్రలకుండే ప్రత్యేక నైపుణ్యాలు) పేర్లు కూడా మారాయి. సర్జ్ అనేది జోల్ట్ అయింది, తిరిగొచ్చాక మళ్లీ సర్జ్ అయింది. మధ్యలో ఆట నేర్చుకున్న మావాడు ఇప్పటికీ జోల్ట్ అనే అంటాడు. మేమిద్దరం ఒకే పర్క్ గురించి అరగంట వాదించుకున్న రోజులున్నాయి.

మూడో ఆదివారం చివరి కాలమ్ పెట్టాను: మేం పిలిచే పేరు. రంపం పట్టుకుని తిరిగేవాళ్లు ఇద్దరు. హిల్‌బిల్లీ మొదట్నుంచీ ఆటలో ఉన్నవాడు, లెదర్‌ఫేస్ తర్వాత కొనుక్కోవాల్సినవాడు. వాళ్లు రంపం పెద్దోడు, రంపం చిన్నోడు. చకీ అంటే మనుషుల్ని చంపే బొమ్మ, దానికి ఆటలో పెట్టిన పేరు 'ది గుడ్ గై'. కిల్లర్ల వరుసలో మంచివాడు! అందుకని బొమ్మగాడు అని రాశాను. షీట్‌లో ఎక్కువమంది వెతికేది ఈ కాలమ్‌లోనే.

సేల్ మొదలైన రోజు మావాడు 'పంది' అని కొట్టి, వరుస చూసుకుని, సా చాప్టర్ కొన్నాడు. ఆ శనివారం కిల్లర్ వాడే. మొదటి ఐదు నిమిషాల్లో నన్ను పడగొట్టి తలకి ఇనప బోను తగిలించాడు. దాన్ని ఊడదీసే తాళంచెవి కోసం మ్యాప్‌లో అక్కడక్కడా ఉన్న డబ్బాల్లో చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. మూడు డబ్బాలు వెతికాను, దొరకలేదు.

"అన్నా, తాళం ఏ డబ్బాలో ఉందో షీట్‌లో రాయలేదా?" అంటున్నాడు మైకులో.