రెండో హిగ్స్ డబ్లెట్‌ని పరీక్షకు పెట్టడం: నా అనుభవం

విశాఖ ఎంవీపీ కాలనీ గదిలో ఒక మామూలు డెస్క్‌టాప్, పక్కన యూపీఎస్. టూ హిగ్స్ డబ్లెట్ మోడల్‌ని (కణాలకి మాస్ ఇచ్చే హిగ్స్ ఫీల్డుల నాలుగేసి జట్టు, అంటే డబ్లెట్, ఒకటి కాదు రెండున్నాయనే సిద్ధాంతం) జెనీవా దగ్గరి కణాల కొలైడర్ ఎల్‌హెచ్‌సీ ఫలితాలతో సరిచూడటానికి ఇంతకు మించి సామగ్రి అక్కర్లేదు. నాకు పట్టిన సమయంలో ముప్పాతిక వంతు కొలైడర్ దాకా వెళ్లకముందే, ఇన్‌పుట్ అంకెల దగ్గరే పోయింది. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

రెండు డబ్లెట్లంటే ఎనిమిది ఫీల్డులు. మూడింటిని బలహీన బలాన్ని మోసే డబ్ల్యూ, జెడ్ కణాలు మింగేస్తాయి. మిగిలేవి ఐదు: 2012లో దొరికిన 125 జీఈవీ (కణాల మాస్ కొలిచే ప్రమాణం) చిన్న హెచ్, దానికన్నా బరువైన పెద్ద హెచ్, ఏ అనే మరో తటస్థ హిగ్స్, చార్జ్డ్ హిగ్స్ జంట. ఈ మోడల్ లెక్కలు చేసే టూహెచ్‌డీఎంసీ ప్రోగ్రామ్‌కి నేనిచ్చేవి నాలుగు మాస్‌లు, టాన్ బీటా (రెండు డబ్లెట్ల వాక్యూమ్ విలువల నిష్పత్తి), సైన్(బీటా−ఆల్ఫా) (రెండు హెచ్‌ల కలయిక కోణం నుంచి వచ్చేది), ఎం12 స్క్వేర్ (రెండు డబ్లెట్లని కలిపే మాస్ పదం). పొటెన్షియల్‌లో, అంటే ఫీల్డుల శక్తి సూత్రంలో, ఉండే లామ్డా గుణకాల్లో 6, 7 సున్నా.

మొదటి దెబ్బ ఎం12 స్క్వేర్ దగ్గర తగులుతుంది. బరువైన మాస్‌లన్నీ 500 జీఈవీ, టాన్ బీటా 10, కాస్(బీటా−ఆల్ఫా) సున్నా అనుకోండి. ఎం12 స్క్వేర్ 24,752 ఇస్తే అంతా బాగుంటుంది. లెక్క సుళువని 25,000 చేశారా, లామ్డా 1 −3.9కి పడిపోతుంది, పొటెన్షియల్‌కి అడుగే ఉండదు. పోనీ 24,000 ఇస్తే 12.8 అవుతుంది, అంటే 4π (సుమారు 12.6) పరిమితిని దాటేసింది. యూనిటారిటీ (సంభావ్యతల మొత్తం 1 దాటకూడదన్న నియమం) అయితే 8.4 దగ్గరే గేటు వేసేస్తుంది. కారణం ఏమిటంటే, పెద్ద హెచ్ మాస్ స్క్వేర్‌లోంచి (ఎం12 స్క్వేర్ / సైన్ బీటా కాస్ బీటా) తీసేస్తే మిగిలే తేడా, టాన్ బీటా స్క్వేర్ రెట్లు పెరిగి లామ్డా 1లో చేరుతుంది. ఇక్కడ వంద రెట్లు. బతికే సందు వెడల్పు దాదాపు 500. సున్నా నుంచి పది లక్షల దాకా గుడ్డిగా అంకెలు వేస్తే రెండు వేలలో ఒకటి దక్కుతుంది. టాన్ బీటా 30 అయితే ఆ సందు 20 కూడా ఉండదు. అందుకని ఎం12 స్క్వేర్‌ని స్కాన్ చేయడం (అంకెలు మార్చి మార్చి చూడటం) మానేశాను. లామ్డా 1ని 0 నుంచి 8 లోపు ఎంచుకుని, దాన్నుంచి వెనక్కి ఎం12 స్క్వేర్ కడతాను. ఫైల్లో దశాంశాలు కోయకుండా రాస్తాను.

రెండోది గుర్తుల గొడవ. ఎల్‌హెచ్‌సీ పటాల్లో సైన్(బీటా−ఆల్ఫా) ధనాత్మకం, కాస్ రెండు వైపులా ఉంటుంది. టూహెచ్‌డీఎంసీలో కాస్ ధనాత్మకం, సైన్ గుర్తు మారుతుంది. కాబట్టి కాస్ −0.1 కావాలంటే సైన్ −0.995 ఇవ్వాలి. వర్గమూలం తీసి +0.995 ఇస్తే ప్రోగ్రామ్ ఏమీ అనదు. మీ పటంలో ఎడమ సగం కుడి సగానికి అద్దంలో బొమ్మలా వస్తుంది. టైప్-2లో (అప్ రకం క్వార్కులు ఒక డబ్లెట్ నుంచి, డౌన్ రకంవి, టౌ లాంటివి మరోదాని నుంచి మాస్ పొందే రకం) అలా రాకూడదు. బాటమ్ క్వార్క్ కప్లింగ్ (హిగ్స్‌తో దాని ముడి బలం) గుర్తు తిరగబడే తోక కుడివైపే ఉండాలి, టాన్ బీటా 10కి కాస్ 0.2 దగ్గర. పటం మరీ అందంగా కనిపిస్తే నేను ముందు అనుమానించేది ఇదే.

టైప్-2 తీసుకుంటే బి మేసాన్ (బాటమ్ క్వార్క్ ఉన్న కణం) ఫోటాన్ విడిచే క్షయం వల్ల చార్జ్డ్ హిగ్స్ సుమారు 800 జీఈవీ పైన ఉండాలి, టాన్ బీటా ఎంతైనా సరే. పై 500 ఉదాహరణ, అన్నీ ఒకే డబ్లెట్ నుంచి మాస్ పొందే టైప్-1కే పనికొస్తుంది. టీ పారామీటర్ (డబ్ల్యూ, జెడ్ మాస్‌ల సంబంధాన్ని కొత్త కణాలు ఎంత చెదరగొడతాయో చెప్పే అంకె) కోసం చార్జ్డ్ మాస్‌ని ఏకో, పెద్ద హెచ్‌కో దగ్గరగా పెడితే చాలు.

క్రాస్ సెక్షన్‌లో (కణం ఎంత తరచుగా పుడుతుందన్న లెక్కలో) మూడు పొరపాట్లు జరుగుతాయి. గ్లువాన్ ఫ్యూజన్‌కి (రెండు గ్లువాన్లు కలిసి హిగ్స్ పుట్టడం) టాప్ క్వార్క్‌ని చాలా బరువనుకునే అంచనా, హిగ్స్ మాస్ రెండు టాప్ మాస్‌లు, అంటే 345 జీఈవీ, దాటాక పనికిరాదు, సుషీ అనే ప్రోగ్రామ్ వాడతాను. హిగ్స్ బాటమ్‌తో కలిసి పుట్టే చోట యుకావా కప్లింగ్‌లో (క్వార్క్‌కి, హిగ్స్‌కి మధ్య ముడి) బాటమ్ పోల్ మాస్ (శక్తితో మారని మాస్) 4.7 జీఈవీ పెడితే తప్పు. శక్తి పెరిగేకొద్దీ తగ్గే రన్నింగ్ మాస్ జెడ్ మాస్ స్కేల్ దగ్గరే 2.85కి దిగిపోతుంది, స్క్వేర్ చేస్తే జవాబు 2.7 రెట్లు ఉబ్బుతుంది. మూడోది, ఢీకొట్టే ఘటనల్ని తయారుచేసే మ్యాడ్‌గ్రాఫ్ ప్రోగ్రామ్ పారామ్ కార్డు (ఇన్‌పుట్ ఫైలు). మాస్ మార్చి విడ్త్ (కణం క్షయమయ్యే వేగం) పాతదే వదిలేస్తే బ్రాంచింగ్ (ఏ క్షయం ఎంత వంతన్నది) కుదరదు. విడ్త్ దగ్గర ‘ఆటో’ అని రాయండి.

ఆ తర్వాత హిగ్స్‌బౌండ్స్, ఒక్కో పాయింట్‌ని (ఇన్‌పుట్ అంకెల ఒక జట్టుని) ప్రయోగాల పరిమితులతో పోల్చే ప్రోగ్రామ్. ఇది ఒక్కో హిగ్స్‌కి, ఊహించిన పరిమితుల ప్రకారం అత్యంత చురుకైన ఒక్క ఛానెల్‌ని (పుట్టే, క్షయమయ్యే దారిని) ఎంచుకుని, అందులోనే గమనించిన పరిమితితో పోలుస్తుంది. మోడల్ అంచనాకి, ఆ పరిమితికి నిష్పత్తి 1 దాటితే పాయింట్ పోయినట్టే. మరో ఛానెల్‌లో గమనించిన పరిమితి కాస్త దాటినా పట్టించుకోదు. అన్నీ కలిపి కొట్టేస్తే 95 శాతం నమ్మకం అన్న మాటకి అర్థం పోతుంది. కొత్తవాళ్లు దీన్ని బగ్ అనుకుంటారు. 125 జీఈవీది మాత్రం, కొలిచిన విలువలతో పోల్చే హిగ్స్‌సిగ్నల్స్‌తో విడిగా చూడాలి. ఇప్పుడు రెండూ హిగ్స్‌టూల్స్‌లోనే ఉన్నాయి.

అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ప్రతి పాయింటూ అయిన వెంటనే డిస్క్‌కి రాయించండి, ర్యాండమ్ సీడ్‌తో సహా. యూపీఎస్ మెషీన్ని పద్ధతిగా ఆపడానికే, స్కాన్ నడపడానికి కాదు.

స్కాన్ వదిలేముందు పైన చెప్పిన 500 జీఈవీ పాయింట్ ఒక్కదాన్నే నడుపుతాను. చిన్న హెచ్ కప్లింగులు డబ్ల్యూ, జెడ్, టాప్, బాటమ్, టౌ అన్నిటికీ 1 రావాలి. రెండు ఫోటాన్లకి మాత్రం 1కి రవ్వంత తేడా ఉండాలి. అక్కడ కూడా పూర్తిగా 1 వచ్చిందంటే చార్జ్డ్ హిగ్స్ లూప్ లెక్కలో కలవలేదన్నమాట.